ఇంగితం నుంచి నియోగం దాకా: తెలుగు నీతి కవిత్వంలో ఏలిక, కొలువు, పని స్పష్టత

వ్యాస సంగ్రహం

పని అప్పగించేవారు తాము ఏమి ఆశిస్తున్నారో ముందుగా, స్పష్టంగా చెప్పాలన్నది నేటి కార్యాలయ నిర్వహణలో మొదటి పాఠం. ఆ స్పష్టతకు బాధ్యులు ఎవరు అన్న ప్రశ్న మాత్రం పాతది. తెలుగు నీతి కవిత్వం ఈ ప్రశ్నను ఎలా ఎదుర్కొన్నదో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. తిక్కన విరాటపర్వంలోని ధౌమ్య బోధ బాధ్యతను కొలువు చేసేవాడిపై ఉంచింది. అదే పర్వంలోని సైరంధ్రి కథ ఆ ఏర్పాటులోని లోపాన్ని బయటపెట్టింది. ఆముక్తమాల్యదలోని రాజనీతి ఆ బాధ్యతను ఏలిక వైపు తిప్పింది. ఈ మూడింటినీ అర్థశాస్త్రంలోని పని ఒప్పంద నియమాలతోనూ, విజయనగర నాయకుల గురించి న్యూనిజ్ రాసిన లెక్కలతోనూ పోల్చి, స్పష్టత ఏలికను కూడా కట్టివేసినప్పుడే దానికి అర్థం ఉంటుందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: ఇంగితం, నియోగం, సమయం, కొలువు, ధౌమ్య బోధ, సైరంధ్రి, రాజనీతి.

1. ప్రవేశిక

తెలుగువారి కార్యాలయాల్లో తరచు వినిపించే మందలింపు ఒకటి ఉంది: "ఆ మాత్రం ఇంగితం లేదా?" చెప్పిన పని చేయనివాడిని ఎవరూ ఇలా అడగరు. చెప్పని పని చేయనివాడినే అడుగుతారు. ఇంగితం అంటే మనసులోని అభిప్రాయాన్ని బయటపెట్టే కదలిక, ముఖంలో కనిపించే సూచన. దాన్ని పట్టుకోగలవాడు ఇంగితజ్ఞుడు. రాజాస్థానంలో కొలువు చేసేవాడికి ఇది వృత్తి నైపుణ్యం. కాలక్రమంలో ఇంగితజ్ఞానం అన్న మాటకు లోకజ్ఞానం, మనిషన్నవాడికి ఉండవలసిన కనీస తెలివి అన్న అర్థం స్థిరపడింది. ఒకప్పుడు ఏలిక ముఖం చదవడమనే ప్రత్యేక విద్యగా ఉన్నది ఇప్పుడు ప్రతి ఉద్యోగికీ పుట్టుకతోనే ఉండవలసిన గుణమైంది. ఈ అర్థవ్యాప్తి వెనుక ఒక సామాజిక చరిత్ర ఉంది. ఏలిక చెప్పకపోవడం తప్పు కాదు, కొలువువాడు గ్రహించకపోవడమే తప్పు అన్న భావన ఆ చరిత్రకు మూలం.

దీనికి ఎదురుగా మన భాషలో మరొక మాట ఉంది: నియోగం. ఫలానా వ్యక్తికి ఫలానా పని అని అప్పగించడం నియోగం. ఇంగితం మౌనంలో నడుస్తుంది, నియోగానికి మాట కావాలి. తెలుగు నీతి కవిత్వంలో పనికి సంబంధించిన ఆలోచన ఈ రెండు మాటల మధ్య సాగిందని చెప్పవచ్చు.

నీతి కవిత్వం అన్నప్పుడు మనకు మొదట శతకాలు గుర్తుకు వస్తాయి. ఆ సంప్రదాయం అంతకంటె విస్తృతమైనది. మడికి సింగన తన సకలనీతిసమ్మతంలో పూర్వ నీతి గ్రంథాల నుంచి పద్యాలను విషయాల వారీగా కూర్చాడు. ఆ గ్రంథాల్లో కొన్నింటి ఉనికి ఈ సంకలనం వల్లనే మనకు తెలుస్తున్నది. రాజు, మంత్రి, సేవకుడు, గూఢచారి అంటూ పాత్రల వారీగా ధర్మాలను విభజించి చెప్పడం మధ్యయుగ తెలుగువారికి బాగా అలవాటైన ఆలోచన. అయితే పాత్రకు ధర్మం చెప్పడం ఒకటి, ఎదుట ఉన్న మనిషికి పని చెప్పడం మరొకటి. ఈ రెండింటి మధ్య తేడాను గమనించడానికి విరాటపర్వం అనువైన చోటు.

2. ధౌమ్య బోధ: కొలువువాడి పాఠం

తిక్కన (13వ శతాబ్ది) విరాటపర్వంతో తన భారతరచన ఆరంభించాడు. ప్రథమాశ్వాసంలో పాండవులు అజ్ఞాతవాసానికి సిద్ధమవుతారు. పురోహితుడైన ధౌమ్యుడు రాజుల కొలువులో ఎలా మెలగాలో వారికి బోధిస్తాడు. వినేవారు నిన్నటి వరకు తామే ఏలికలు. రాజసూయం చేసిన ధర్మరాజుకు సేవాధర్మం చెప్పవలసి రావడంలోనే ఆ ఘట్టం బరువంతా ఉంది.

ధౌమ్యుడి సూచనలను మూడు తెగలుగా విభజించుకోవచ్చు. మొదటిది స్థానం. కొలువువాడు తగిన తీరున ప్రవేశించి తనకు అర్హమైన చోటనే కూర్చోవాలి, వికారం లేని వేషం ధరించాలి, సమయం తెలిసి సేవించాలి. రాజుకు సరిగ్గా ఎదురుగానూ వెనుకగానూ కాక పక్కగా నిలవాలి. రెండవది హద్దు. ఎంత కలిమి ఉన్నా రాజగృహం కంటె అందమైన ఇల్లు కట్టకూడదు, వేషంలోనూ మాటతీరులోనూ ఏలికను అనుకరించకూడదు. ఆజ్ఞ మీరినచోట రాజులు కొడుకులనూ అన్నదమ్ములనూ మిత్రులనూ సైతం చూడరని గుర్తుంచుకోవాలి. మూడవది ఓర్పు. ఎండావానలనూ ఆకలిదప్పులనూ నిద్రనూ లెక్కచేయక, ఇల్లా పరదేశమా అని తలపోయక అప్పగించిన పని నెరవేర్చాలి.

ఈ సూచనల్లో ఆచరణజ్ఞానం చాలా ఉంది. మనుమసిద్ధి ఆస్థానంలో మంత్రిగా ఉన్న తిక్కనకు ఇవి పుస్తకంలో చదివిన విషయాలు మాత్రమే అయి ఉండవు. బోధ మొత్తాన్ని చదివి, ఇందులో ఏలిక చేయవలసినది ఏమిటి అని వెదికితే మాత్రం దాదాపు ఏమీ దొరకదు. కూర్చోవలసిన చోటు ఏదో ఎవరు చెప్పాలి? ఏది తగిన సమయమో ఎలా తెలియాలి? ఏ మాట రహస్యమో ఎవరు నిర్ణయించాలి? ఇవన్నీ కొలువువాడే గ్రహించాలి. గ్రహించలేకపోతే దండన మాత్రం కచ్చితంగా ఉంటుంది. స్పష్టంగా ఉన్నది శిక్ష, అస్పష్టంగా ఉన్నది పని.

దీన్ని ధౌమ్యుడి లోపంగా చూడడం న్యాయం కాదు. అతను మాట్లాడుతున్నది కొలువుకు పోబోతున్నవారితో, ఏలికతో కాదు. తమ చేతిలో లేనిదాన్ని వదిలి, చేతిలో ఉన్నదాన్ని నేర్పాడు. అజ్ఞాతవాసంలో చిన్న పొరపాటు జరిగినా మళ్లీ పన్నెండేళ్ల అరణ్యవాసం తప్పదు. అటువంటి స్థితిలో ఉన్నవారికి ఏలిక మారాలని ఆశించడం కంటె తాము జాగ్రత్త పడడమే మార్గం. ధౌమ్య బోధ బలహీనుడి ఆత్మరక్షణ శాస్త్రం. దాన్ని ఏలికలు తమ హక్కుగా చదువుకోవడంలోనే చిక్కు వస్తుంది.

3. సైరంధ్రి సమయం: చెప్పిన షరతు, తప్పిన ఏలిక

విరాటుడి కొలువులో పాండవులు ఒక్కొక్కరుగా ప్రవేశించే తీరు గమనించదగినది. కంకుడు, వలలుడు, బృహన్నల, దామగ్రంథి, తంత్రీపాలుడు తమకు వచ్చిన పని ఏదో చెప్పి కొలువు సంపాదిస్తారు. జూదం, వంట, నాట్యం, అశ్వరక్షణ, గోరక్షణ అన్న విభాగాలు మొదటి రోజే తేలిపోతాయి. ద్రౌపది విషయంలో మాత్రం మరొకటి జరుగుతుంది. ఆమె తాను చేసే పనితో పాటు చేయని పని కూడా చెబుతుంది.

సుధేష్ణ ఆమె రూపాన్ని చూసి సందేహిస్తుంది. సైరంధ్రి తనను రక్షించే గంధర్వులైన అయిదుగురు భర్తలున్నారని చెబుతుంది. వ్యాసభారతం ప్రకారం ఎంగిలి తాకనని, పాదాలు కడగనని షరతు పెడుతుంది. తనను ఎవరూ కోరరాదన్నది ఆ షరతుల్లో ప్రధానమైనది. సుధేష్ణ అన్నింటికీ ఒప్పుకుంటుంది. విరాటుడి కొలువులో పని హద్దులు ఇంత స్పష్టంగా ముందే నిర్ణయమైన ఉద్యోగం మరొకటి లేదు. ఆ స్పష్టతను తెచ్చినది ఏలిక కాక కొలువులో చేరిన స్త్రీ కావడం విశేషం.

ద్వితీయాశ్వాసంలో ఆ ఒప్పందం భగ్నమవుతుంది. తమ్ముడు కీచకుడి కోరిక తెలిసిన సుధేష్ణ మద్యం తెమ్మనే నెపంతో సైరంధ్రిని అతని ఇంటికి పంపుతుంది. వ్యాసభారతంలో ద్రౌపది ఈ సందర్భంలో నీ ఇంట ప్రవేశించేటప్పుడు నేను చేసుకున్న సమయం నీకు తెలుసు కదా అని గుర్తు చేస్తుంది. సమయం అన్న మాటకు ఇక్కడ కాలం అని కాక ఒప్పందం అని అర్థం. సుధేష్ణ ఆ ఒప్పందాన్ని కాదనదు. నేను పంపితే వెళ్లినదానివి కాబట్టి అతను నిన్ను ఏమీ చేయడని మాత్రం అంటుంది. ఒప్పందం స్థానంలో తన హామీని పెడుతుంది. ఏలిక మాట కొలువువారి షరతు కంటె పెద్దదన్న ధీమా అది.

ఆ తరువాతి కథ తెలిసినదే. కీచకుడు వెంటపడగా సైరంధ్రి సభకు పరుగెత్తుతుంది, అందరి ఎదుటా తన్నులు తింటుంది. వ్యాసభారతంలో విరాటుడి జవాబు మన చర్చకు కీలకం. మీ ఇద్దరి తగవు నా పరోక్షంలో జరిగినది, విషయం తెలియనిదే నేను తీర్పు ఎలా చెప్పగలను అని అతను తప్పుకుంటాడు. రాణి చేసిన ఒప్పందం రాజుకు తెలియదు. సుధేష్ణకూ సైరంధ్రికీ తప్ప మూడోవారికి దాని విలువ లేదు. ఒప్పందం స్పష్టంగానే ఉంది, దానికి సాక్షి లేడు.

ధౌమ్యుడు చెప్పిన నియమాల్లో ద్రౌపది దేన్నీ మీరలేదు. హద్దు తెలుసు, ఓర్పు ఉంది, చెప్పిన పనికే వెళ్లింది. అయినా ఆమెకు రక్షణ దొరకలేదు. ప్రథమాశ్వాసంలోని బోధ సరిపోదని ద్వితీయాశ్వాసంలోని కథ రుజువు చేస్తున్నది. కొలువువాడి జాగ్రత్త ఎంత ఉన్నా, ఏలికను కట్టివేసే ఏర్పాటు లేనప్పుడు స్పష్టత ఒక్కవైపు తలుపు వంటిది. ఇంతవరకు ధౌమ్య బోధను సేవాధర్మ ప్రకరణంగా, కీచకవధను వీరరౌద్ర ఘట్టంగా విడివిడిగా చదువుతూ వచ్చాం. ఈ రెండింటినీ కలిపి చదివితే విరాటపర్వం కొలువు గురించిన విమర్శ కూడా అవుతుంది.

4. సాక్షి కావాలన్న శాస్త్రం

విరాటుడి సభలో లేని ఆ మూడోవ్యక్తిని కౌటిల్యుడి అర్థశాస్త్రంలో చూడవచ్చు. 1909లో ఆర్. శామశాస్త్రి మైసూరులో ప్రచురించిన తరువాతనే ఈ గ్రంథం ఆధునిక పాఠకులకు విస్తృతంగా అందింది. తిక్కనపై దీని ప్రభావాన్ని నిరూపించడం ఇక్కడి ఉద్దేశం కాదు. ఒకే సమస్యకు కావ్యం చూపిన గాయాన్నీ, శాస్త్రం చూపిన మందునూ పక్కపక్కన పెట్టి చూడడమే ఉద్దేశం.

మూడో అధికరణంలో కూలికి పనిచేసేవారి గురించిన నియమాలున్నాయి. పనివాడికీ యజమానికీ మధ్య కుదిరిన పని సంబంధం ఇరుగుపొరుగువారికి తెలిసి ఉండాలన్నది అందులో ఒకటి. మాట్లాడుకున్న ప్రకారం వేతనం ఇవ్వాలి. ముందు మాట్లాడుకోకపోతే పనినీ కాలాన్నీ బట్టి నిర్ణయించాలి. అలా కుదుర్చుకోని సందర్భంలో సేద్యగాడికి పంటలో, గోపాలకుడికి నేతిలో, వర్తకుడి తరఫున అమ్మేవాడికి సరుకులో పదోవంతు రావాలి. వేతనం గురించి తగవు వస్తే సాక్షులను బట్టి తేల్చాలి. సాక్షులు లేకపోతే పని జరిగిన చోట విచారించాలి.

వేతనం తీసుకొని పని చేయనివాడికి 12 పణాల దండన. ఒప్పుకున్న పని చేయించని యజమానికీ అంతే దండన. దండన రెండువైపులా సమానం కావడం గమనించదగినది. పనివాడు అశక్తుడైనా, రోగి అయినా, ఆపదలో ఉన్నా, అప్పగించినది నీచమైన పని అయినా అతను ఒప్పందం నుంచి తప్పుకోవచ్చు, లేదా వేరొకరి చేత చేయించవచ్చు. కీచకుడి ఇంటికి మద్యం కోసం వెళ్లమన్న ఆజ్ఞ ఈ నాలుగో సందర్భానికి సరిగ్గా సరిపోతుంది. సైరంధ్రి కోరినది కొత్త హక్కేమీ కాదు. శాస్త్రం గుర్తించినదాన్నే ఆమె గుర్తు చేసింది.

అర్థశాస్త్రాన్ని కార్మిక పక్షపాతిగా చిత్రించడం పొరపాటు. పని చేయనివాడిని పని పూర్తయ్యేదాకా నిర్బంధించవచ్చని కూడా అదే చెబుతుంది. పనికి వచ్చి నిలిచినవాడికి పని ఇవ్వకపోతే పని చేసినట్టే లెక్కించాలని పూర్వాచార్యులు అన్నారనీ, వేతనం చేసిన పనికే గాని చేయనిదానికి లేదనీ కౌటిల్యుడు వారితో విభేదిస్తాడు. ఇంత కఠినమైన గ్రంథం కూడా ఒప్పందం ఇద్దరి మధ్య రహస్యంగా ఉండకూడదని పట్టుబట్టడమే మనకు ముఖ్యం.

5. మాట్లాడని అధికారి

కొలువు చేసేవాడి గొంతు సూటిగా వినిపించేది శతకంలో. బద్దెన పేరుతో ప్రచారంలో ఉన్న సుమతి శతకంలో ఈ వ్యాసానికి పనికివచ్చే పద్యాలు రెండున్నాయి. అడిగినప్పుడు జీతం ఇవ్వని గర్విష్ఠి దొరను కొలిచి బాధపడడం కంటె చురుకైన ఎడ్లను కట్టుకొని మడి దున్నుకొని బతకడం మేలని ఒకదాని భావం. పెదవి కదిలీ కదలనట్టుగా ఉండి, తీయని మాట మాని మౌనం పట్టిన అధికారిని అధికారమనే రోగం నిండిన చెవిటి గుడ్డి శవంగా వర్ణించి, అతన్ని చూడడమే పాపమంటుంది రెండవది.

ఈ రెండో పద్యాన్ని సాధారణంగా అధికార గర్వంపై విమర్శగా వివరిస్తారు. అందులో తప్పు పట్టినది మౌనాన్ని అని గమనిస్తే మరొక అర్థం తోస్తుంది. ధౌమ్యుడి లోకంలో ఏలిక మౌనం సహజం, దాన్ని చదవడం కొలువువాడి విద్య. శతకకర్త లోకంలో ఆ మౌనం రోగం. చెప్పనివాడు వినడు, చూడడు కూడా. మాట్లాడకపోవడాన్ని హోదాకు గుర్తుగా కాక పనికి ఆటంకంగా చూసిన దృష్టి ఇది.

అయినా శతకం చూపే పరిష్కారం కొలువు విడిచిపోవడమే. ఎడ్లూ మడీ ఉన్నవాడికి అది చేతనవుతుంది. అవి లేనివాడు ఏం చేయాలన్న ప్రశ్నకు శతకంలో సమాధానం లేదు. ఏలికనే కూర్చోబెట్టి పాఠం చెప్పే రచన కోసం మనం 16వ శతాబ్దికి రావాలి.

6. ఆముక్తమాల్యద: ఏలికకు పాఠం

శ్రీకృష్ణదేవరాయలు (పాలన 1509–1529) రచించిన ఆముక్తమాల్యద చతుర్థాశ్వాసంలో యామునాచార్యుడు రాజ్యం విడిచి వెళ్తూ కుమారుడికి రాజనీతి చెబుతాడు. ఇక్కడ చెప్పేవాడు రాజు, వినేవాడు రాజు కాబోయేవాడు, రాసినవాడు కూడా రాజు. ధౌమ్య బోధకు ఇది అన్ని విధాలా ప్రతిబింబం. అక్కడ కొలువువాడు ఏలికను ఎలా భరించాలో చెబితే, ఇక్కడ ఏలిక కొలువువారితో పని ఎలా తీసుకోవాలో చెబుతారు.

ఆ బోధలో మన విషయానికి సంబంధించిన అంశాలు నాలుగు. మొదటిది క్రమం. ఒకరిని మొదటే పెద్దచేసి ఆ తరువాత తగ్గిస్తే, ఎవడూ తన పూర్వపు తక్కువ స్థితిని తలచుకోడు, కోపమే తెచ్చుకుంటాడు. అందువల్ల స్వభావం తెలుసుకొని మెల్లమెల్లగా పెంచుతూ ఆయా వేళలకు తగినట్టు పని తీసుకోవాలి. ఇందులో తప్పు కొలువువాడి కృతఘ్నతదని కవి వదిలేయలేదు. అతనిలో ఆశను పెంచినది ఏలికే కాబట్టి, దాన్ని ముందే అదుపులో ఉంచవలసిన బాధ్యత కూడా ఏలికదే.

రెండవది అర్హత. మంత్రికి ఉండవలసిన లక్షణాలను కవి విడివిడిగా చెబుతాడు: చదువు, అధర్మ భయం, రాజనీతి పరిజ్ఞానం, 50కీ 70కీ మధ్య వయసు, ఆరోగ్యం. అటువంటివాడు దొరకకపోతే తగనివాడిని పెద్దచేసి అతని చేతిలో చిక్కుకోవడం కంటె రాజు తానే పనులు చూసుకోవడం మేలంటాడు. మంచివాడు కావాలని ఊరుకోక, మంచి అంటే ఏమిటో లెక్కగా చెప్పడం ఇక్కడి ప్రత్యేకత.

మూడవది పనుల వేర్పాటు. రాజు ధనం రాబట్టడంలో ఆశగల అధికారికి దేవాలయాల బాధ్యత ఇవ్వరాదు. ఖజానాలో లోటు వస్తే దేవుడి సొమ్ముతో పూడ్చే ప్రమాదం ఉంది కాబట్టి దేవాలయాలకు వేరే అధికారిని నియమించాలి. ఒకే మనిషికి పరస్పర విరుద్ధమైన రెండు లక్ష్యాలు ఇస్తే అతను బలమైన యజమానిని సంతోషపెట్టి బలహీనమైనదాన్ని దోచుకుంటాడని కవికి తెలుసు. దోషాన్ని మనిషి గుణంలోనే వెదకక నియోగంలో కూడా వెదకడం ఇందులోని కొత్తదనం.

నాలుగవది పని ఉద్దేశం. బాధలతో ఊరు విడిచిపోయిన ప్రజలను తిరిగి పిలవక, వారి పశువులనూ ధాన్యాన్నీ అమ్ముకొని ఇళ్లను కట్టెలకు వాడుకునే అధికారిని కవి యుద్ధభూమిలోని నక్కతో పోలుస్తాడు. అటువంటి అధికారి ఉన్న రాజు ఏడు దీవులు గెలిచినా నిలవడంటాడు. ఆ అధికారి ఖజానాకు సొమ్ము తెస్తూనే ఉండవచ్చు, పైకి చూస్తే సమర్థుడే. అర్థశాస్త్రం రెండో అధికరణంలో కూడా ఇదే హెచ్చరిక ఉంది. ఆదాయం తగ్గించేవాడు రాజు సొమ్ము తింటాడు, రెట్టింపు చేసేవాడు జనపదాన్నే తింటాడు. ఎంత తెచ్చావని మాత్రమే అడిగే ఏలిక ఎలా తెచ్చావన్న ప్రశ్నను వదిలేసినట్టే.

ఈ రాజనీతి సేవకుల సంక్షేమం కోసం రాసినది కాదని కూడా చెప్పుకోవాలి. దుర్గాలను బ్రాహ్మణులకు అప్పగించమనడంలోనూ, క్షత్రియ శూద్రులు నవ్వుతారన్న పట్టుదలతో బ్రాహ్మణ అధికారులు ఆపదలో సైతం నిలుస్తారనడంలోనూ ఆనాటి వర్ణదృష్టి, అధికార భయం రెండూ కనిపిస్తాయి. ఏలిక తనను తాను కాపాడుకోవడానికే ఈ జాగ్రత్తలన్నీ. అయినా ఆ స్వార్థమే అతని చేత ఒక సత్యాన్ని ఒప్పించింది: కొలువు చెడితే మొదట వెదకవలసినది ఏలిక చేసిన ఏర్పాటులో.

7. అంకె ఒక్కటే చాలదు

కృష్ణదేవరాయల తరువాత అచ్యుతరాయల కాలంలో విజయనగరంలో ఉన్న పోర్చుగీసు వర్తకుడు ఫెర్నావ్ న్యూనిజ్ ఆ రాజ్యంలో 200 మందికి పైగా నాయకులున్నారని రాశాడు. కొందరి వివరాలను లెక్కలతో ఇచ్చాడు. అతను సాల్వనాయకుడని పేర్కొన్న మంత్రికి 11 లక్షల బంగారు పర్దావుల ఆదాయం. దానికి బదులు 30,000 కాల్బలం, 3,000 గుర్రాలు, 30 ఏనుగులు పోషించాలి, ఆదాయంలో మూడో వంతు రాజుకు కట్టాలి. సైన్యమెంతో, చెల్లింపు ఎంతో ముందే నిర్ణయమైంది. ధౌమ్యుడి శిష్యులకు దొరకని స్పష్టత ఈ నాయకులకు దొరికింది.

అదే న్యూనిజ్ రైతులు తమ పంటలో పదింట తొమ్మిది పాళ్లు ప్రభువులకు ఇచ్చుకుంటారని కూడా రాశాడు. ఆ పాలు అతిశయోక్తి కావచ్చు. అతను చూసిన ఒత్తిడి మాత్రం ఆముక్తమాల్యదలోని నక్క అధికారి చిత్రంతో సరిపోలుతున్నది. రాజు నాయకుడికి చెప్పిన అంకె స్పష్టంగా ఉంది. ఆ అంకె రైతు గుమ్మం దగ్గరికి చేరేసరికి దానికి హద్దు లేకుండా పోయింది. కవిగా రాయలు హెచ్చరించిన ప్రమాదానికి రాజుగా రాయలు వారసత్వంగా నడిపిన వ్యవస్థలోనే తావుంది. కావ్యం చెప్పిన నీతికీ రాజ్యం నడిచిన తీరుకూ మధ్య ఉన్న ఈ దూరాన్ని దాచవలసిన అవసరం లేదు. ఆ దూరాన్ని దగ్గరగా చూసినవాడు కాబట్టే ఆ పద్యం అంత కటువుగా వచ్చిందని ఊహించడానికి అవకాశం ఉంది.

8. ముగింపు

ఈ పరిశీలన నుంచి తేలే విషయాలు మూడు. తెలుగు నీతి కవిత్వంలో పని స్పష్టత మొదట కొలువువాడి ఇంగితజ్ఞతగా కనిపిస్తుంది, తరువాత ఏలిక నియోగ నైపుణ్యంగా మారుతుంది. ఈ మార్పుకు ముందే విరాటపర్వం సైరంధ్రి కథ ద్వారా మూడో అవసరాన్ని సూచించింది. అది ఒప్పందానికి సాక్షి ఉండడం, ఆ ఒప్పందం ఏలికకూ వర్తించడం. ఇక విజయనగర అనుభవం చూపినదేమంటే, అంకెల్లో చెప్పిన స్పష్టత పని ఉద్దేశాన్ని చెప్పకపోతే కింది మనిషికి భారమే అవుతుంది.

ఇది గతించిన విషయం కాదు. 2019 అక్టోబరు 2న ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ సచివాలయాలు ఆరంభమైనప్పుడు వేలాది యువ ఉద్యోగుల నోట జాబ్‌చార్టు అన్న మాట వినిపించింది. ఏ ఉద్యోగి ఏ పని చేయాలో కాగితం మీద రాసి ఇచ్చే నియోగ పత్రం అది. ఏలిక చెప్పాలన్న ఆముక్తమాల్యద పాఠమూ, నలుగురికీ తెలిసి ఉండాలన్న అర్థశాస్త్ర పాఠమూ అందులో కలిశాయనవచ్చు. అయితే ఏ శాఖ జాబ్‌చార్టు చూసినా చివర తరచు ఒక వాక్యం కనిపిస్తుంది. పై అధికారులు అప్పగించే ఇతర పనులు ఏవైనా చేయాలన్నది దాని సారం. పైన రాసిన పది అంశాలూ నియోగమైతే, ఈ పదకొండోది ఇంగితం. ధౌమ్యుడి కొలువు ఆ ఒక్క వాక్యంలో తిరిగి వస్తుంది. సుధేష్ణ చేతికి బంగారు పాత్ర అందించేది కూడా ఆ వాక్యమే.

అన్ని పనులనూ ముందే ఊహించి రాయడం ఏ ఏలికకూ సాధ్యం కాదు కాబట్టి ఆ వాక్యం పూర్తిగా తొలగదు. దాని పక్కన సైరంధ్రి పెట్టినటువంటి వాక్యం ఒకటి చేరాలి: ఈ ఉద్యోగిని ఏ పని అడగకూడదు అన్నది. చేయవలసిన పనుల పట్టిక ఎంత పొడవున్నా, అడగరాని పనుల పట్టిక లేనిదే ఆ కాగితం ఏలికను కట్టివేయదు. విరాటపర్వాన్ని సేవాధర్మ గ్రంథంగా బోధించే తరగతి గదుల్లో ధౌమ్యుడి పద్యాలతో పాటు ఆ స్త్రీ పెట్టిన షరతులను కూడా చదివించవలసిన అవసరం ఉంది.